ఆరు మలుపుల ముగ్గు

కోకిలకు ఆదివారమంటే గిట్టదు. లోకంలో అందరూ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే రోజు ఆమెకు మాత్రం ఎప్పుడు గడుస్తుందా అన్నట్టుంటుంది. సోమవారమైతే ఆరూ నలభైకల్లా రాయపురం వంతెన దగ్గరికి కాలేజీ బస్సు వస్తుంది. డ్రైవరు "ఏం మేడం, తిన్నారా" అంటాడు. అంబత్తూరు దాటాక కాలేజీ గేటు దగ్గర దిగింది మొదలు సాయంత్రం దాకా ఎవరో ఒకరు మేడం మేడం అంటూనే ఉంటారు. ఆదివారం అదీ లేదు. పాలపాకెట్టు వేసే మనిషి కూడా తలుపు కొట్టడు, కిటికీకి తగిలించిన సంచిలో పడేసి తన దోవన తను పోతాడు.

నలభైయెనిమిదేళ్ళ మనిషి. ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఇది ఇరవయ్యొకటో ఏడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు అడిగి అడిగి విసుగెత్తి వాళ్ళే మానేశారు. తండ్రి గోపాలస్వామి హార్బరులో గుమాస్తాగా చేస్తూ ఆమె చదువు ముగియకముందే పోయాడు. తల్లి పంకజం పోయి ఇరవైనాలుగేళ్ళు. చెల్లెలు జయంతి ఉంది. ఉంది అంటే, ఎక్కడో ఉంది.

కాలేజీలో కోకిలకు ముగ్గుల మేడం అని పేరు. ఏ లెక్కయినా సరే బోర్డు మీద నాలుగు చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, అందులోంచే చెప్పుకొస్తుంది. కడపటి బెంచీ పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టి చూస్తారు. అలాంటి మనిషి ఇంటి గడప ముందు మాత్రం పాండీ బజారులో కొన్న స్టిక్కరు ముగ్గు అతికించి ఉంటుంది. ఒక మూల ఊడి లేచింది. నాలుగేళ్ళుగా అలాగే లేచి ఉంది.

నాలుగేళ్ళ కిందటే కాలేజీ వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. ప్లస్ టూ రాసిన పిల్లలను తమ కాలేజీ వైపు తిప్పుకోవడానికి ఊరంతా బ్యానర్లు కడితే ఏం లాభం, ఆన్‌లైన్లో ఒక చిక్కుప్రశ్నల పోటీ పెడదామన్నారు. వరసగా నాలుగు ఆదివారాలు. మొదటి బహుమతి ఊరికే మెడలో వేసే పతకం కాదు, కాలేజీలో సీటు, నాలుగేళ్ళకూ ఫీజు లేకుండా. ప్రశ్నలు తయారుచేసే పని ఎవరికిద్దామా అని చూస్తే, ఆదివారాలు ఖాళీగా ఉండే మనిషి ఒక్కరే కనబడ్డారు. అడగ్గానే కోకిల ఒప్పుకుంది. ఆమె అంత తొందరగా దేనికీ ఒప్పుకోగా ఎవరూ చూడలేదు.

ఆ నాలుగు ఆదివారాలూ ఆమెకు పండగే. పదింటికి ప్రశ్న తెర మీదికి వెళుతుంది. పదీ పదికల్లా మదురై నుంచి, సేలం నుంచి, తిరుత్తణి నుంచి జవాబులు మొదలవుతాయి. ఎవరి పేరూ ఆమెకు కనబడదు, నంబర్లు మాత్రమే. నూట ఆరు తొందరపడే రకం, మూడు వందల పన్నెండు పక్కవాడిది చూసి రాసే రకం అని నంబర్లకే గుణాలు కట్టబెట్టి, వాటితోనే మాట్లాడుకుంటూ అన్నం తినేది. నవ్వొస్తే నవ్వండి, మనిషికి ఎవరో ఒకరు కావాలి.

పేర్లు దాచడానికి కారణముంది. రెండో ఏడు సూపరింటెండెంటు వీరరాఘవులు బావమరిది కొడుక్కి మొదటి బహుమతి వచ్చింది. పిల్లవాడు నిజంగానే తెలివైనవాడు, కానీ ఎవరు నమ్ముతారు? తల్లిదండ్రులు నానా రభసా చేశారు, సీటు వెనక్కి తీసుకున్నారు. అప్పటినుంచీ సిబ్బంది బంధువులెవరూ పోటీకి పనికిరారని రూలు పెట్టారు. పేర్లు బయటపెట్టాక, విజేతల్లో నాకు బంధువులెవరూ లేరని ప్రశ్నలు పెట్టినవారు సంతకం చేయాలి. ఆ తర్వాతే ప్రకటన.

ఈ ఏడు చివరి ప్రశ్నగా కోకిల ముగ్గే ఇచ్చింది. ఏడు వరసలు, వరసకు ఏడు చుక్కలు. చుక్కల చుట్టూ మామూలుగా మెలిక తిప్పుకుంటూ పోతే ఒక గీత కాదు, ఏడు విడివిడి గీతలొస్తాయి. కొన్ని చోట్ల గీతలు ఒకదాన్నొకటి దాటకుండా పక్కకు మళ్ళిస్తే రెండు గీతలు కలిసి ఒకటవుతాయి. మొత్తం ముగ్గు చెయ్యెత్తకుండా ఒకే గీతతో రావాలంటే కనీసం ఎన్ని మలుపులు కావాలి, ఎక్కడెక్కడ? వేసి, ఫొటో తీసి పంపాలి. వారం గడువు. ఆరు మలుపులన్నది అందరికీ ఒకటే జవాబు. ఏ ఆరు అన్నది మాత్రం ఎవరిష్టం వాళ్ళది, వేల రకాలున్నాయి.

చాలామంది కంప్యూటరులో గీసి పంపారు. కొందరు గళ్ళకాయితం మీద వేశారు. నాలుగు వందల పద్దెనిమిదో నంబరు ఒక్కటే సిమెంటు గచ్చు మీద బియ్యప్పిండితో వేసిన ముగ్గు. కోకిల టీ గ్లాసు పట్టుకుని ఫొటో తెరిచింది. టీ చల్లారిపోయింది, ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

ఆ ఆరు మలుపులూ ఆమెవే.

పద్నాలుగేళ్ళప్పుడు ఆమె వెతికి పట్టుకున్న ఆరు. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, రాయపురంలో పాత ఇల్లు, చన్నీళ్ళతో కడిగిన వాకిలి. చెల్లెలికి ఎనిమిదేళ్ళు, పిండి గుప్పెట్లో నిలిచేది కాదు. ఇద్దరూ ఒకే చుక్క దగ్గర మొదలుపెట్టి, అక్క ఒకవైపు, చెల్లెలు ఒకవైపు వేసుకుంటూ పోతే అవతలి కొసన ఇద్దరి చేతులూ కలవాలి. అలా కలిసేలా, చెల్లెలి వైపు తేలిక మెలికలు పడేలా ఏరిన మలుపులవి. పదేళ్ళు వేశారు. ఎవరికీ చెప్పలేదు. పోటీ జవాబులో కూడా కోకిల వేరే ఆరు పెట్టింది, ఇవి పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.

కింద నాలుగు ముక్కల వివరణ ఉంది. మలుపు ఒక్కోటి రెండు గీతల్ని మాత్రమే కలపగలదు కాబట్టి ఏడు ఒకటి కావాలంటే ఆరుకు తగ్గవు అని చక్కగా రాసి, చివర ఒక మాట చేర్చి ఉంది. 'ఇది ఇద్దరు వేసే ముగ్గు. మా ఇంట్లో అమ్మ ఒక్కతే వేస్తుంది, రెండోవైపుకు తిరిగొచ్చి అదీ తనే వేస్తుంది.'

కోకిల ఆ రోజు అన్నం తినలేదు.

జయంతి విషయం చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే కోకిల మీద జాలి తప్ప ఏమీ మిగలదు, ఆమె ఒట్టి జాలికి తగిన మనిషి కాదు. తల్లి పోయిన ఏడే జయంతి ప్లస్ టూ ప్యాసై, మంచి ర్యాంకు తెచ్చుకుంది. కౌన్సెలింగుకు రమ్మని ఉత్తరం రావాలి, వెళ్ళి సీటు ఎంచుకోవాలి. అదే సమయానికి తల్లి మంచాన పడింది. పగలంతా ఆస్పత్రిలో తల్లి పక్కన జయంతే. కోకిల ఒక ట్యూషన్ సెంటరులో పొద్దుటి నుంచి రాత్రి దాకా పాఠాలు చెబితేనే ఇల్లు నడిచేది. ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో ఉన్నది కోకిల. చదివింది. జయంతి కాలేజీకి పోతే అమ్మను ఎవరు చూస్తారని ఆలోచించింది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు, చెల్లెలు చిన్నదేగా అనుకుంది. దేవుడి గూట్లో పంచాంగం కింద ఆ ఉత్తరం పెట్టేసింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నాన్చింది. ఆ తేదీ కాస్తా దాటిపోయింది.

తల్లి దక్కలేదు. పెద్దకర్మ అయ్యాక గూడు తుడుస్తుంటే జయంతికి ఉత్తరం దొరికింది. తేదీ పోయి పందొమ్మిది రోజులైంది.

"అక్కా, ఇది నువ్వు చూసినావా?" అంది.

చూడలేదని ఒక అబద్ధం ఆడి ఉండొచ్చు. కోకిల ఆడలేదు. "చూసినాను" అంది.

జయంతి అరవలేదు, ఏడవలేదు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఆ నెలలోనే ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్ళిపోయింది, బట్టల కంపెనీలో పనికి కుదిరింది, ఎవరినో పెళ్ళి చేసుకుందని ఆ తర్వాత తెలిసింది. కోకిల రెండుసార్లు ఉత్తరం రాసింది, ఒకసారి వెతుక్కుంటూ వెళ్ళింది. ఉత్తరాలు విప్పకుండానే తిరిగొచ్చాయి, వెళ్ళినప్పుడు తలుపు తెరుచుకోలేదు. అక్కా అన్న పిలుపు ఆ దేవుడి గూటి దగ్గరే ఆఖరు. చావు ఇంట్లో మానేసిన ముగ్గు కర్మ అయ్యాక మళ్ళీ వేయాలి. ఇద్దరు వేసేది కాబట్టి కోకిల మళ్ళీ వేయలేదు.

ఇప్పుడు నాలుగు వందల పద్దెనిమిది. మార్కులు ఎలా వేయాలో తెలియక ఆ జవాబును అన్నిటికన్నా చివరికి నెట్టింది. చివరికి అన్నీ దిద్ది, దానికొచ్చి, మనసు గట్టిచేసుకుని వెతికింది తప్పుకోసం. తప్పు లేదు. మిగతా మూడు ఆదివారాల జవాబులు కూడా ఎక్కడా తడబడలేదు. సందేహం ఎందుకని రెండోసారి దిద్దమని వేరే డిపార్ట్‌మెంట్ ఆయనకు ఇస్తే, ఆయన ఇంకో రెండు మార్కులు ఎక్కువే వేసి పంపాడు. నాలుగు వందల పద్దెనిమిదే మొదటిది.

శుక్రవారం అడ్మిషన్లు చూసే విజయకుమార్ పేర్ల కవరు చించాడు. మూడో బహుమతి శ్రీకుమార్, మదురై. రెండు చాందిని, వేలూరు. ఒకటి ఎస్. చిన్మయి. తండ్రి శ్యామ్, తల్లి జయంతి, తిరువొత్తియూరు. కోకిల ఇంటి నుంచి ఒకటే బస్సు. దరఖాస్తులో ఈ కాలేజీలో మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా అన్న చోట 'లేరు' మీద టిక్కు ఉంది. పిల్ల అబద్ధం రాయలేదు, పిల్లకు తెలిసిందే రాసింది.

విజయకుమార్ హామీపత్రం ముందు పెట్టి కలం చేతికిచ్చాడు. కోకిల ఆ కాయితాన్ని మొదటి అక్షరం నుంచి చదవడం చూసి అతనికి నవ్వొచ్చింది.

"మీకెవరుండారు మేడం, అంతగా చదివేదానికి. కళ్ళు మూసుకొని పెట్టేయండి."

పాపం, అతను చెడ్డవాడు కాదు. ఉన్నమాటే అన్నాడు.

మళ్ళీ ఒక కాయితం ఆమె చేతిలోకొచ్చింది. ఈ పిల్ల నా చెల్లెలి కూతురు అని ఒక్క మాట రాస్తే చాలు, ఇరవైనాలుగేళ్ళుగా ఎవరితోనూ అనలేని మాట కాలేజీ అంతటికీ తెలిసిపోతుంది. నాకూ ఉన్నారు అని చెప్పుకున్నట్టవుతుంది. దాంతోపాటు పిల్ల సీటు పోతుంది, వీరరాఘవులు బావమరిది కొడుకు సీటు పోయినట్టే. ఒక తల్లి సీటు పంచాంగం కింద పోయింది, కూతురి సీటు ఈ బల్ల మీద పోతుంది, రెండూ ఒకే చేతి మీదుగా. సంతకం పెడితే తప్పు. అబద్ధం, ఉద్యోగానికే ఎసరు. జన్మలో సెలవు చీటీ మీద కూడా అబద్ధం రాయని మనిషి. కలం రెండుసార్లు కాయితం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. మూడోసారి, విజేతలతో నాకు ఏ బంధుత్వమూ లేదు అన్న వాక్యం కింద, గుండ్రంగా, బోర్డు మీద రాసినంత స్పష్టంగా సంతకం పెట్టింది.

అంతటితో అయిపోలేదు. శనివారం పదకొండుకు ప్రకటన యూట్యూబులో ప్రత్యక్షంగా వెళుతుంది. ప్రశ్నలు పెట్టినవారే పేర్లు చదవడం మొదటినుంచీ ఆనవాయితీ. గెలిచినవాళ్ళను అప్పటికప్పుడు వీడియోలో కలిపి మాట్లాడిస్తారు. జయంతి తెర మీద అక్కను చూస్తే? ఈమె చేత్తో ఇచ్చేది మాకొద్దు అంటే? అనదని ఏముంది, విప్పని ఉత్తరాలు తిప్పి పంపిన మనిషి. ఆ ఒక్క మాట చాలు, పిల్ల చదువు అందరి ముందూ గంగలో కలవడానికి. గొంతు బాగాలేదని, మీరే చదవమని కోకిల బతిమాలింది. విజయకుమార్ మిరియాల పాలు తెప్పించాడు గానీ ఒప్పుకోలేదు. దరఖాస్తులో ఫోను నంబరుంది. ఒక్కసారి చూసిన అంకెలు ఆమె మరిచిపోదు. రాత్రంతా ఆ పది అంకెలు తలలో తిరిగాయి. పోటీ ముగియకుండా ఫోను చేస్తే అదింకో తప్పు. చేసినా ఎత్తుతుందని నమ్మకం లేదు.

శనివారం సెమినార్ హాల్లో నాలుగు లైట్లు, ఒక కెమెరా, వెనక బ్యానరు. మూడో పేరు చదివింది, రెండో పేరు చదివింది. ఆ పిల్లలు ఎగిరి గంతేశారు, వాళ్ళ అమ్మానాన్నలు చేతులూపారు. మొదటి పేరు మాత్రం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. మిరియాల పాలవల్ల లాభం లేకపోయింది.

తెర మీదికి ఒక పిల్ల వచ్చింది. పదిహేడేళ్ళు, రెండు జడలు, నుదుటి మీద చెమట. ఫోను ఎవరో ఎదురుగా పట్టుకున్నారు. అచ్చం అమ్మ పంకజం కళ్ళు. ముక్కు మాత్రం ఎవరిదో తెలియదు, వాళ్ళ నాన్నదై ఉంటుంది. కోకిల బల్ల కింద రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

విజయకుమార్ హుషారైన మనిషి. తమిళంలో నాలుగు మాటలు, తెలుగువాళ్ళని తెలిసి తెలుగులో నాలుగు మాటలు అడిగాడు. ఇంత అందమైన ముగ్గు ఎవరు నేర్పారన్నాడు.

"అమ్మ సార్. కానీ కనిపెట్టింది మా పెద్దమ్మ అంట."

ఆ ఇంట్లో తన పేరు నోరెత్తి అనరనుకుంది కోకిల. పేరు అనలేదు, నిజమే. పెద్దమ్మ ఉన్న సంగతి మాత్రం చెప్పారు.

అయితే ఆ పెద్దమ్మను కూడా పిలవండి, చప్పట్లు కొడదాం, ఎక్కడున్నారు అని విజయకుమార్ అడిగాడు. పిల్ల బిక్కమొహం వేసి ఫోను వెనక్కి చూసింది. తనకు తెలియదు, అమ్మనడగాలంది. ఫోను ఒక్క తిప్పు తిరిగింది.

జయంతి. కణతల దగ్గర నెరిసింది. మనిషి చిక్కింది. అప్పటిదాకా ఫోను వెనక ఉండి చిన్న తెర సరిగా చూడలేదేమో, ఇప్పుడు చూసింది. చూస్తూనే ఉంది. విజయకుమార్ లైను తెగిందేమో అనుకుని హలో హలో అన్నాడు. కోకిల కళ్ళతోనే వేడుకుంది. నన్ను ఏమన్నా అను, ఇప్పుడు మాత్రం వద్దు, పిల్ల సీటు, పిల్ల సీటు అని.

"ఆమె ఏడుండాదో మాకు తెలీదు సార్" అంది జయంతి. "మాకు రాకపోకలు లేవు."

కోకిల ఊపిరి పీల్చుకోబోతుంటే జయంతి పిలిచింది.

"మేడం."

కోకిల నిటారుగా కూర్చుంది. చెప్పమ్మా అంది. ఎనిమిదేళ్ళప్పుడు తను తల దువ్విన చెల్లెల్ని, ముక్కూమొహం తెలియనివాళ్ళను పిలిచినట్టు అమ్మా అని పిలిచింది.

"మా పిల్ల సీటు లెటరు పోస్టులో పంపొద్దండి. ఎవురి చేతికీ ఇయ్యొద్దు. నేనే వచ్చి తీసుకుంటా. నా చేతికే ఇయ్యండి."

ఈమెయిలులో వస్తుందమ్మా, ఎక్కడికీ పోదు అని విజయకుమార్ నవ్వుతూ చెప్పాడు. చూస్తున్నవాళ్ళు కూడా నవ్వుకుని ఉంటారు. కోకిల నవ్వలేదు. సోమవారం పది గంటలకు రమ్మంది. లెటరు తనే ఇస్తానంది.

ఆ ఆదివారం కోకిల క్షమాపణ నేర్చుకుంది. అవును, పాఠం తయారుచేసుకున్నట్టు. అమ్మ ఒంట్లో బాగాలేక అని మొదలుపెట్టి కొట్టేసింది. నీ మంచికే అనుకుని అన్నది మొదలుపెట్టకుండానే కొట్టేసింది. చివరికి మూడు ముక్కలు మిగిలాయి. 'తప్పు నాదే. దాచినాను. క్షమించు.' వంటింట్లో నిలబడి గోడకు ఎన్నిసార్లు అప్పజెప్పిందో ఆమెకే తెలియదు.

సోమవారం పది కాకముందే తల్లీకూతుళ్ళు వచ్చారు. పిల్లను విజయకుమార్ ఫారాలు నింపడానికి కూర్చోబెట్టుకున్నాడు. జయంతి ఒక్కతే కోకిల గదిలోకి వచ్చింది. గదిలో ఇంకెవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. లెటరు సొరుగులో లేదు, బీరువాలో లేదు, బల్ల మధ్యలో పేపరువెయిటు కింద అందరికీ కనబడేలా ఉంది. కోకిల లేచి నిలబడి, రెండు చేతులతో ఇచ్చింది.

జయంతి కూర్చోలేదు. నిలబడే చదివింది. తేదీ దగ్గర ఆగింది.

"ఈ తేదీనే కదా? మారదు కదా?"

మారదని చెప్పింది కోకిల.

ఎక్కడ సంతకం పెట్టాలో అడిగి, రిజిస్టరులో పెట్టింది. లెటరు మడవకుండా ప్లాస్టిక్ ఫైలులో జారవిడిచింది. కోకిల నోరు తెరిచింది. ఆదివారమంతా గోడకు అప్పజెప్పిన మూడు ముక్కల్లో మొదటిది పెదాల దాకా వచ్చింది.

"వొద్దు" అంది జయంతి, చెయ్యి కొంచెం ఎత్తి. గొంతులో కోపం లేదు. "పిల్లకి నాలుగేళ్ళు చదువుండాది. దానికేమీ తెలీదు. తెలీకుండానే ఉండనీండి."

కోకిల తల ఊపింది. అంతే కదా, ఆ మాట కింద సంతకం పెట్టింది కూడా తనే.

గుమ్మం దగ్గర జయంతి ఒకసారి ఆగింది. కోకిల ఎదురుచూసింది. కారిడారులో ఎవరూ లేరు, తలుపు సగం మూసే ఉంది, వినేవాళ్ళెవరూ లేరు. ఇప్పుడు అక్కా అని పిలిస్తే ఎవరికీ నష్టం లేదు.

"వస్తాను మేడం" అంది జయంతి.